జోజో అనని పూట

మీరే చేశారు. ఇంకొకరి మీదకు నెట్టకండి. అద్దాల గదిలో కూర్చుని నిమిషానికి ఎన్ని ఉండలు పడుతున్నాయో చూసుకున్న మీరు, మిషను ఆగితే మొహం మాడ్చుకుని, మిషను మనిషిని కొరికితే మాత్రం గొంతు తగ్గించిన మీరు, చెంప కింద అరచెయ్యి పెట్టి నిద్రపోతున్నట్టు సైగ చేసి, ఆనక "నేను నోటితో ఏమైనా అన్నానా?" అని తప్పుకున్న మీరు. మూడు వేళ్ళు పోయాయి. పోయిన ఆ మూడు వేళ్ళూ మిమ్మల్నే చూపిస్తున్నాయి.

ఇదంతా అక్క నోట్లోంచి రావాల్సిన మాట. పదకొండు రోజుల కిందట ఆసుపత్రి వరండాలో, నీలిరంగు కుర్చీల వరస ముందు నిలబడి అనాల్సింది. అనలేదు. అనాల్సిన చోట నోరు మూసుకుని, ముడుచుకోవాల్సిన చెయ్యి చాపి కలం అందుకుంది. ఇప్పుడు చెల్లెలి వంటింట్లో, మణికట్ల దాకా కైమా పూసుకుని, గోడకు చెబుతోంది. గోడ బుద్ధిమంతురాలు. ఎదురు మాట్లాడదు.

గోడ మీది గడియారంలో పదకొండు దాటి మూడు నిమిషాలు. మొదటి విడత ముప్పైరెండు ఉండలు, వేగి, చల్లారి, ఫ్రీజర్లో పళ్ళెం మీద ఒకదానికొకటి తగలకుండా కూర్చున్నాయి. వాటికి గంట కావాలి. గంటసేపు విడివిడిగా గడ్డకడితే ఆ తర్వాత అన్నీ కలిపి ఒకే కవర్లో వేసినా అతుక్కోవు, కావలసినన్ని తీసుకోవచ్చు, రెండంటే రెండు, ఆరంటే ఆరు. ఆ గంట గడిచేసరికి చెల్లెలు వస్తుంది. మరిది పొద్దున్నే ఇంటి తాళం అక్క చేతిలో పెట్టి, సరుకులు చేరవేసే తన వ్యాను వేసుకుని ఆసుపత్రికి పోతూ, "వదినా, కట్టు కట్టిన చేత్తోనే నిన్న నన్ను కొట్టబోయింది మీ చెల్లి. బాగైపోయినట్టే లెండి" అని నవ్వాడు. నవ్వి, తాళం ఇచ్చేశాక కూడా చాపిన చెయ్యి వెనక్కి తీసుకోవడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు. రేపు పదింటికి ఫ్యాక్టరీ నుంచి కాగితం వస్తుంది, తప్పంతా తనదేనని చెల్లెలు ఒప్పుకున్నట్టు. సంతకం పెట్టే చెయ్యి లేదు గనక వేలిముద్ర చాలంటారు. బొటనవేలు మిగిలిందిగా. ఆ కాగితంలో ఏం రాసుంటుందో అక్కకు తెలుసు, దానికి ముందు కాగితం మీద ఉన్నది అక్క సంతకమే గనక. రేపు పదింటి లోపల చెల్లెలికి ఒక మాట చెప్పాలి. ఇవాళ పన్నెండింటికి చెప్పొచ్చు. పన్నెండుంబావుకు చెప్పొచ్చు. కాస్త తిన్నాక చెప్పొచ్చు. ఇలాగే పదకొండు రోజులు పోయాయి.

గిన్నెలో రెండో విడత మిగిలింది. పాలల్లో నానిన రొట్టెను పిండి వేసింది, ఉల్లిపాయ తురిమి నీళ్ళు పిండేసింది, వెల్లుల్లి, ఉప్పు, మిరియాల పొడి, కాడలతో సహా కొత్తిమీర, రెండు గుడ్లు. అంతే. కారం లేదు, మసాలా లేదు. ఎందులోకి కావాలంటే అందులోకి పోవాలి కదా, సూప్‌లో పడేస్తే సూప్‌కి, టమాటా గుజ్జులో ఉడికిస్తే కూరకి, నూడుల్స్ మీదకి, రెండు రొట్టెముక్కల మధ్యకి, ఏమీ తోచకపోతే వేడిచేసుకుని ఉత్తవే. ఒంటిచేత్తో ఇల్లు నడపాల్సిన మనిషి రోజూ ఉల్లిపాయలు తరగలేదు. కలుపు, పిసక్కు, అనేది అమ్మ. పిసికితే రాళ్ళవుతాయి. చేతులు తడి చేసుకో. ఇద్దరు కూతుళ్ళనూ ఒకే పీట మీద ఇరికించి కూర్చోబెట్టి ఉండలు చేయించేది. అక్కవి చూసి "ఇవి ఉండలా, కొండలా?" అనేది. చిన్నదానివి చూసి ఏమీ అనేది కాదు, ఒకటి తీసి వెలుతురులో తిప్పి చూసి మళ్ళీ పెట్టేది, నగ చూసినట్టు. ఎనిమిదేళ్ళ పిల్ల చేతిలో అన్నీ ఒక్క తీరుగా వచ్చేవి. ఆ చెయ్యే తర్వాత ఫ్యాక్టరీలో పేరు తెచ్చింది. అక్కడ కూడా ఇవే ఉండలు, మిషను చేస్తుంది, ముప్పై గ్రాములకొకటి, గడ్డకట్టించి పెట్టెల్లో పంపుతారు. కాటా తప్పు చూపిస్తోందని అనుమానం వస్తే చెల్లెల్ని పిలిచేవారు. ఉండ అరచేతిలో పెట్టుకుని, వేళ్ళు కొంచెం ముడిచి, "ముప్పైరెండు" అనేది. ఇంకో కాటా తెచ్చి పెడితే ముప్పైరెండే. లైనంతా దాన్ని తక్కెడ అని పిలిచేది. "తక్కెడా, మా ఆయన మాటకెంత బరువుందో చూసి చెప్పవే" అనేది ఒకామె. "పెట్టి చూశానక్కా, ముల్లు కదల్లేదు" అనేది ఇది, మొహంలో నవ్వు తెలియనీయకుండా. లైనంతా నవ్వు. మిషను చప్పుడును మించిన నవ్వు.

అక్క చేతిలో ఉండ పెద్దదైంది. కొంచెం గిల్లి తీసింది. మరీ చిన్నదైంది. మళ్ళీ కలిపింది.

పొద్దున మాంసం కొట్టు దగ్గర కూడా ఇలాగే చేతులు ఆడలేదు. రెండు కిలోలు అడిగితే కొట్టతను అలవాటుగా మిషను వైపు తిరిగాడు. "మిషన్లో వద్దు. కత్తితో కొట్టివ్వు" అంది. "రెండు కిలోలు కత్తితోనా? నా చెయ్యి పడిపోతుంది తల్లీ!" అన్నాడు. ఉత్తమాట, రోజుకు పదిసార్లు అనే మాట. అక్క అతని చేతి వేళ్ళు లెక్కపెట్టుకుంది. ఇంతకుముందు గమనించలేదు గానీ మనం నోరు తెరిస్తే చెయ్యే వస్తుంది. పని బాగా వచ్చినవాణ్ణి చెయ్యి తిరిగినవాడంటాం. సాయపడితే చేయందించాడు, కొడితే చేయిచేసుకున్నాడు, తప్పించుకుంటే చేతులు దులుపుకున్నాడు, ఏమీ రాకపోతే చేతకాలేదు, నమ్మించి వదిలేస్తే చెయ్యిచ్చాడు. ఈ పదకొండు రోజుల్లో ఎవరు ఏం మాట్లాడినా అందులో ఒక చెయ్యి ఉంది, ఆ చేతికి మూడు వేళ్ళు లేవు. అక్క చెల్లెలికి చెయ్యిచ్చింది. అవును, సరిగ్గా ఆ మాటే. ఎవరు కనిపెట్టారో గానీ అక్క కోసమే కనిపెట్టినట్టుంది.

కత్తి చప్పుడు ఓర్చుకోవచ్చు. మిషను చప్పుడు ఇక ఈ జన్మలో ఓర్చుకోలేదు. ఆ మిషనుకు పైన గరాటులాంటి తొట్టి, తొట్టి మీద ఇనప మూత. మూత ఎత్తితే మిషను ఆగిపోవాలి, అందుకే పక్కన వేలెడంత స్విచ్చి. చల్లటి కైమా తొట్టిలో గడ్డలు కడుతుంది, మూత ఎత్తి వాటిని సరిచేయాలి, ఎత్తితే మిషను ఆగుతుంది, ఆగితే మళ్ళీ అందుకోవడానికి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలు ఎవరిస్తారు? అందుకని స్విచ్చి ఎప్పుడూ నొక్కుకుపోయి ఉండేలా దానికి రబ్బరుబ్యాండు చుట్టేవారు. మూత బార్లా తెరిచినా మూసే ఉందనుకుని మిషను తిరుగుతూనే ఉంటుంది. దీనికి ఫ్యాక్టరీలో ఒక పేరుంది, మూతని నిద్రపుచ్చడం. ఎంత ముద్దుగా ఉందో పేరు. ఉయ్యాల్లో పాపాయిని నిద్రపుచ్చినట్టు. మూత నిద్రలో ఉంటే పొడవాటి చెక్క తెడ్డుతో పొడవాలి, చెయ్యి ఆ దరిదాపులకు పోకూడదు. మెలకువగా ఉంటే మాత్రం చేత్తోనే లాగేయొచ్చు, మిషను ఆగే ఉంటుంది గనక, తెడ్డుకన్నా చెయ్యి చురుకు గనక. మెలకువగా ఉండేది తనిఖీ రోజుల్లోనే. మరి ఎప్పుడు నిద్ర, ఎప్పుడు మెలకువ, ఎలా తెలియాలి? నిద్రపుచ్చిన మనిషి గట్టిగా "జోజో!" అని కేక వేయాలి. మిషను దగ్గరున్న మనిషి "జోజో!" అని బదులు పలకాలి. బదులు వచ్చేదాకా కేక వేసిన మనిషి అక్కణ్ణించి కదలకూడదు. ఇది ఏ గోడ మీదా రాసి ఉండదు. గోడల మీద 'భద్రతే ముందు' అని ఎర్రటి అక్షరాలతో ఉంటుంది. ఆడవాళ్ళు తమ వేళ్ళు కాపాడుకోవడానికి జోలపాటలోంచి తామే తెచ్చుకున్న మాట ఇది. ఎనిమిదేళ్ళపాటు పదహారు మంది వేళ్ళు ఆ ఒక్క మాట మీద నిలబడ్డాయి. మీ ఎర్రక్షరాల మీద కాదు.

పెనం వేడెక్కింది. నూనె వేసి ఉండలు ఒక్కొక్కటే దించింది. చిటపట. మధ్యలో జాగా వదలాలి, కుక్కితే ఉడుకుతాయి గానీ వేగవు.

నిద్రపుచ్చేది ఎప్పుడూ అక్కే. లైను పెద్ద కదా. ఆ రోజు తనిఖీ అని పొద్దున్నే రబ్బరుబ్యాండు తీసి జేబులో వేసుకుంది. తనిఖీ ఆయన తెల్లటోపీ పెట్టుకుని వచ్చాడు, మూత ఎత్తి చూపించారు, మిషను బుద్ధిగా ఆగింది, ఆయన రాసుకున్నాడు. సాయంత్రం దాకా ఉంటాడనుకున్న మనిషి పదకొండున్నరకే వెళ్ళిపోయాడు. సూపర్వైజరు, రోజంతా గోడ కేసి టైము చూస్తాడని అందరూ గడియారం అని పిలిచే మనిషి, అద్దం వెనక నుంచి అక్కను చూసి చెంప కింద అరచెయ్యి పెట్టుకున్నాడు. అక్క రబ్బరుబ్యాండు తీసి రెండు చుట్లు చుట్టింది. చెల్లెలు అప్పుడు అక్కడ లేదు, చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. రాగానే చెప్పాలి. పెద్ద మాట కూడా కాదు, ఒకే అక్షరం రెండుసార్లు. ఈలోగా గడియారం అద్దాల గది తలుపు తీసి పిలిచాడు. "మీ లైనుకే మంచి మార్కులు వేశాడాయన. ఇదంతా నీ వల్లే. పెద్దసారు నీ పేరు అడిగారు తెలుసా?" పేరు అడిగారట! ఇరవై రెండేళ్ళు ఆ గేట్లోంచి లోపలికి పోయి బయటికి వచ్చిన మనిషి పేరు ఆ రోజు అడిగారట. అక్క అక్కడే నిలబడింది, టోపీ కిందికి జుట్టు సర్దుకుంటూ, "అబ్బే, నాదేముంది సార్" అంటూ. అద్దం అవతల చెల్లెలు తడిచేతులు నడుముకు తుడుచుకుంటూ రావడం చూసింది. చూసింది! మూత మీద చెయ్యి వేయడమూ చూసింది. 'ఒక్క నిమిషం సార్' అని బయటికి ఒక అడుగు వేస్తే చాలు. పెద్దసారు పేరడిగిన మనిషి మాట మధ్యలో ఎలా పోతుంది, బాగుంటుందా? మర్యాద. మర్యాద కోసం నిలబడింది. ఆ తర్వాత వినపడినదాన్ని అక్క ఎవరికీ చెప్పలేదు. గోడకు కూడా చెప్పదు.

ఉండలు తిప్పాలి. గరిటె అంచుతో ఒక్కొక్కదాన్నీ దొర్లించింది. అన్ని వైపులా ఎర్రబడాలి, లోపల పచ్చి ఉండకూడదు, పచ్చిదాన్ని ఫ్రీజర్లో పెడితే పచ్చిదే బయటికొస్తుంది. అందులో ఏదీ బాగుపడదు, ఏదీ చెడదు, పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. చెప్పాల్సిన మాట కూడా అక్క లోపల అలాగే ఉంది, పదకొండు రోజులుగా, గడ్డకట్టి, చెక్కుచెదరకుండా. ఆపరేషన్ మత్తు దిగాక చెల్లెలు మొదట అన్నమాట ఏమిటి? అబ్బా కాదు, అమ్మా కాదు. "నువ్వు జోజో అనే ఉంటావక్కా. నా చెవినే పడలేదు. ఎక్కడో ఆలోచిస్తూ ఉండుంటా." అక్క ఏమంది? నీళ్ళ గ్లాసు అందించింది. జవాబు అడిగితే నీళ్ళిచ్చింది. ఆ తర్వాత రోజూ ఎవరో ఒకరు చూడటానికి రావడం, చెల్లెలు ఎడమచేత్తో తన చెవి మెలిపెట్టుకుంటూ "ఈ చెవులే కొంప ముంచాయి, అక్క అరిచినా వినిపించుకోలేదు" అని చెప్పడం, వచ్చినవాళ్ళు అక్క వైపు జాలిగా చూడటం, అక్క తల వంచుకోవడం. వంచుకున్న తలను చూసి జనం దుఃఖం అనుకున్నారు.

సంతకం అప్పటికే అయిపోయింది. చెల్లెలు ఇంకా లోపల బల్ల మీద ఉండగానే. ఫ్యాక్టరీలో మనుషుల సంగతులు చూసే ఆఫీసరు, గొంతు పెంచడం ఎరగని మనిషి, లైను వాళ్ళు మెత్తనయ్య అంటారు, పక్క కుర్చీలో కూర్చుని మంచినీళ్ళ సీసా మూత తీసి మరీ అందించాడు. "అమ్మా, మీరు పెద్దవారు, ఆలోచించండి. కట్టింది ఎవరి చెయ్యి అని అడుగుతారు. ఎవరు కట్టమన్నారని ఎవరూ అడగరు. మీరూ ఇరుక్కుని, ఆవిడా ఇరుక్కుని, ఎందుకమ్మా? వైద్యం సంగతి మేం చూసుకుంటాం." కాగితం మీద రెండే వాక్యాలు. ప్రమాద సమయంలో మూత స్విచ్చి సక్రమంగా పనిచేస్తోంది. కార్మికురాలు అజాగ్రత్తగా చెయ్యి లోపల పెట్టింది. స్విచ్చి సక్రమంగా పనిచేస్తే మిషను ఆగేది. ఆగితే వేళ్ళెందుకు పోతాయి? బడికి పోని పిల్లయినా అడిగే ప్రశ్న. అక్క అడగలేదు. మెత్తనయ్య ఆ వారమంతా లైనులో అందర్నీ పిలిచాడు, ఒకేసారి కాదు, ఒక్కొక్కరిని, తలుపు వేసి, నీళ్ళ సీసా మూత తీసి. ఒకరికి ఏం చెప్పాడో ఇంకొకరికి తెలియదు. ఎవరికి వాళ్ళు భయంతో గట్టిపడిపోయాక ఇక అందర్నీ కలిపి ఒకే చోట నిలబెట్టినా ఒకరికొకరు అంటుకోరని అతనికి తెలుసు. ఆ పద్ధతి అక్క ఇప్పుడు ఫ్రీజర్ తలుపు తీసి కళ్ళారా చూసింది. పళ్ళెం మీద ముప్పైరెండు, దేనికది, తెల్లగా మంచుపొడి పట్టి.

పోయినేడాది మిషను వేగం పెంచినప్పుడు ఆడవాళ్ళు పని ఆపేద్దామన్నారు. అక్క వాళ్ళ దగ్గర "అవును, ఇది అన్యాయం" అంది, గడియారం దగ్గరికి పోయి "నేను సర్దిచెబుతాను సార్" అంది, రెండూ నిజంగానే అంది. ఆ రోజు చెల్లెలు అందరిలో అననే అంది: "మా అక్క కైమా ఉండ. ఎందులో వేస్తే అందులో ఇమిడిపోతుంది." పగలబడి నవ్వారు. అక్క కూడా నవ్వింది. మెచ్చుకోలనుకుంది.

ఇంకొకటుంది. మెత్తనయ్యకన్నా, సంతకంకన్నా కిందకు, నాలుగో రోజు దగ్గరికి ఆలోచన దిగబోయింది. అక్క గబుక్కున పొయ్యి ఆపి, గరిటె కడిగి, శుభ్రంగా ఉన్న బల్లను మళ్ళీ తుడిచింది.

పన్నెండుకు పది నిమిషాలు. మొదటి విడత గట్టిపడింది, గోటితో కొడితే టక్కుమంటున్నాయి. కవర్లు తీసి ఒక్కోదాంట్లో ఎనిమిదేసి వేసింది, మార్కరుతో తేదీ రాసింది, కట్టడానికి ఏమైనా ఉందేమోనని బల్ల సొరుగు లాగింది. సొరుగు నిండా రబ్బరుబ్యాండ్లు. కూరగాయల కట్టల నుంచి, పాల ప్యాకెట్ల నుంచి, పాత ఉత్తరాల నుంచి చెల్లెలు ఏళ్ళ తరబడి దాచినవి, ఎర్రవి, పచ్చవి, సాగి వదులైనవి. అక్క సొరుగు మూసేసింది. మూసేసి, కవరు మూతి మెలితిప్పి ముడి వేసింది. ఊడకూడదని గట్టిగా లాగి రెండో ముడి. నాలుగు కవర్లకూ అంతే. ముడులు మాత్రం భలే పడ్డాయి.

కిటికీలోంచి ఫ్యాక్టరీ నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది. పన్నెండుకు కూత వినిపించింది. అరగంట భోజనాలు. కూత ఆగేసరికి మెట్ల మీద మరిది గొంతు. "మెల్లగా, మెల్లగా. రాణిగారికి దారి వదలండి." "నోరు మూసుకుని సంచి పట్టుకోండి. మెట్లెక్కేది కాళ్ళతో, చేత్తో కాదు." చెల్లెలు లోపలికి వచ్చింది. కుడిచేతికి బొటనవేలు ఒక్కటే బయటికి కనిపించేలా తెల్లటి కట్టు. సన్నబడింది. నేరుగా వంటింట్లోకి వచ్చి ముక్కు ఎగబీల్చింది.

"మిరియాలు బాగా పడ్డాయి. మసాలా వేయలేదు కదా?"

"వేయలేదే. దేంట్లోకైనా పనికొస్తాయని."

చెల్లెలు పెనం మీద చల్లారుతున్నవాటిలోంచి ఒకటి తీసి ఎడమ అరచేతిలో పెట్టుకుంది. అలవాటుగా వేళ్ళు కొంచెం ముడిచింది. ఇంకాస్త ముడిచింది. గుమ్మం దగ్గర మరిది సంచి కింద పెట్టబోయి ఆగాడు.

"తెలియట్లేదక్కా," అంది చెల్లెలు. "ఈ చేతికి బరువు తెలియట్లేదు."

ఉండ తినేసింది, మొత్తం ఒకేసారి నోట్లో వేసుకుని. తర్వాత కవరొకటి దగ్గరికి లాక్కుంది. పళ్ళతో పట్టి, ఎడమచేత్తో ముడి గిల్లింది. ఊడలేదు. మళ్ళీ గిల్లింది.

"ఏంటక్కా ఇది, ఎవరైనా ముడులేస్తారా? ఒంటిచేత్తో ఎలా విప్పను? సొరుగులో అన్ని రబ్బరుబ్యాండ్లున్నాయి, ఒకటి చుట్టలేకపోయావా? నీకు చుట్టడం రాదా ఏంటి?"

నవ్వుతూనే అంది. ఆ నవ్వులో ఏ ముల్లూ లేదు. అదే అక్కను పడగొట్టింది.

"నేను ఆ రోజు జోజో అనలేదే."

చెల్లెలు కవరు కింద పెట్టింది.

"నీకు వినపడకపోవడం కాదు. నేను అనలేదు. మూత నిద్రపుచ్చి అద్దాల గదిలోకి పోయా. నువ్వు వచ్చింది చూశా. మూత మీద చెయ్యి వేసింది చూశా. అప్పుడు కూడా అనలేదు. పైగా స్విచ్చి బాగానే ఉందని, నీదే అజాగ్రత్త అని కాగితం మీద సంతకం పెట్టా. రేపు నీ చేత వేయించుకునే వేలిముద్ర దానికి జోడీ."

మరిది "వదినా..." అని ఇంకేదో అనబోయాడు. చెల్లెలు కట్టు కట్టిన చెయ్యి ఎత్తింది, అతను ఆగిపోయాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పదకొండు రోజులు," అంది చెల్లెలు, "నా చెవుల్ని నేనే తిట్టుకున్నా."

"నన్ను..."

"ఆగు. ఇవాళ నా మిషను దగ్గర ఎవరున్నారు?"

"కొత్తావిడ. వచ్చి నాలుగు రోజులు. ఇదివరకు బట్టల కొట్లో చేసేదట."

"మూత?"

నాలుగో రోజు. గోడకు కూడా చెప్పనిది. ప్రమాదం జరిగాక మూడు రోజులు మూత మెలకువగానే ఉంది. నాలుగో రోజు పొద్దున గడియారం అద్దం వెనక నుంచి చెంప కింద అరచెయ్యి పెట్టుకున్నాడు, ఏమీ జరగనట్టు. అక్క ఒక్క క్షణం నిలబడింది. జేబులో చెయ్యి పెట్టింది.

"నిద్రలోనే ఉంది. నేనే కట్టా. నిన్న సాయంత్రం కూడా చూసి, వదులైతే మళ్ళీ బిగించి వచ్చా."

చెల్లెలు అక్కను చూసింది. అరచేతిలో పెట్టుకుని చూసినట్టు చూసింది.

"ఆ కొత్తావిడకి జోజో అంటే ఏంటో తెలుసా?"

"తెలియదు. ఆ రోజు నుంచి లైను మీద ఆ మాట ఎవరూ పలకడం లేదు."

"మరి నువ్విక్కడ కూర్చుని నాకు ఉండలు చేస్తున్నావా?" కుర్చీ వెనక్కి తన్నేసి లేచింది చెల్లెలు. "పన్నెండున్నరకి మిషను మళ్ళీ తిప్పుతారు. పో. రేపటి కాగితం సంగతి నేను చూసుకుంటా, నా బొటనవేలు నా దగ్గరే ఉంది, ఎవడూ పట్టుకుని అద్దలేడు. నువ్వు పోయి ముందు ఆ రబ్బరుబ్యాండు విప్పు. విప్పి చెప్పు. ఒక్కొక్కరి చెవిలో కాదు, లైనంతా నిలబడి ఉండగా. ఎవరు కట్టారో చెప్పు, ఎవరు కట్టమన్నారో చెప్పు. వాడు చెంప కింద చెయ్యి ఎలా పెట్టుకున్నాడో అందరికీ చేసి చూపించు."

"నువ్వు నన్ను క్షమి..."

"నాకిప్పుడు తీరిక లేదు. వ్యాను కిందే ఉంది. ఏమండీ, తాళాలు!"

అక్క చేతులు కడుక్కోలేదు. ఉల్లి వాసన, మిరియాల వాసన, వేళ్ళ సందుల్లో ఎండిపోయిన కైమా. మరిది ముందు, అక్క వెనక, మెట్లు రెండేసి చొప్పున దిగారు. పైన వంటింట్లో చెల్లెలు మళ్ళీ కవరు మూతి పళ్ళతో పట్టుకుని ముడితో పోట్లాడుతూనే ఉంది. పన్నెండున్నరకు ఇంకా పధ్నాలుగు నిమిషాలున్నాయి. ఆ కొత్తావిడ ఈపాటికి తిని లేచి చేతులు కడుక్కుంటూ ఉంటుంది, పదీ పది వేళ్ళూ రుద్ది రుద్ది. విప్పండి. అద్దం వెనక ఉన్న మీకు కాదు, మీరు ఎలాగూ విప్పరు. చుట్టిన చేతులకే చెబుతున్నది. ఎక్కడ ఏ మూతకు మీ చేత్తో చుట్టారో అక్కడికి ఇప్పుడే పోయి మీ చేత్తోనే విప్పండి. విప్పి, కట్టమన్నవాడి పేరు అందరికీ వినపడేలా చెప్పండి. ఏడుపు తర్వాత. ముందు విప్పండి.